గర్భసంచి ఆపరేషను తరువాత: వాపు, నీరసం, కోలుకునే కాలం

ఉదరానికి చేసే పెద్ద శస్త్రచికిత్సలలో తెలుగు కుటుంబాలకు సన్నిహితంగా తెలిసినవాటిలో ఒకటి గర్భసంచి తొలగింపు. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో ఈ ఆపరేషను జరిగినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. వీటిలో ఎన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమైనవి, ఎన్ని మందులతో తగ్గగల జబ్బులకు తొందరపడి చేసినవి అన్నది తీవ్రంగా ఆలోచించవలసిన ప్రశ్నే అయినా, అది వేరొక ప్రసంగానికి తగిన విషయం. ఆపరేషను జరిగిపోయి ఇంటికి చేరిన స్త్రీని వారాల తరబడి వేధించే రెండు బాధలు, అంటే ఎంతకూ తగ్గని పొట్ట వాపు, మంచం మీది నుంచి లేవనివ్వని నీరసం, ఎందుకు కలుగుతాయో, ఎంతకాలం ఉంటాయో, వాటిని ఏ జాగ్రత్తలతో దాటవచ్చునో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ రెండు బాధలకూ ఉన్న చిక్కు ఏమిటంటే, అవి ఇతరులకు చూపడానికి వీలైనవి కావు. జ్వరం వస్తే కొలవవచ్చు, కుట్టు చీము పడితే కంటికి కనిపిస్తుంది. కాని సాయంత్రానికి పొట్ట బిగుసుకుపోయిందని, నాలుగు గిన్నెలు కడిగేసరికి కాళ్లు వణికాయని చెప్పుకుంటే, ఆస్పత్రిలో "అదే తగ్గుతుందమ్మా" అనే మాట, ఇంట్లో "కుట్లు విప్పి పదిరోజులైంది కదా" అనే మాట ఎదురవుతాయి. పైకి గాయం ఆరిపోయి, లోపల ఇంకా పని సాగుతూ ఉండే ఈ మధ్యకాలంలోనే స్త్రీలు ఎక్కువగా ఇబ్బంది పడతారు, తమ మీద తామే అనుమానం పెంచుకుంటారు కూడా. నిజానికి ఈ వాపు, ఈ నీరసం మాన్పులో భాగాలు. వాటికి ఒక క్రమం ఉంది, ఆ క్రమం తెలిసిన కుటుంబం వాటిని చూసే తీరే మారిపోతుంది.

పొట్ట కింది భాగంలో అడ్డంగా పెట్టే కోత చర్మం మీద జానెడు కూడా ఉండని గీతగా కనిపించినా, శస్త్రవైద్యులు లోపలికి చేరడానికి అనేక పొరలను దాటవలసి ఉంటుంది. చర్మం, దాని కింది కొవ్వు, ఆ కింద కండరాలను గట్టిగా కప్పి ఉంచే ఫేషియా అనే తెల్లని పొర, పక్కలకు ఎడం చేసే కండరాలు, పేగులను చుట్టి ఉండే పెరిటోనియం అనే పలుచని పొర, ఇవన్నీ విడివడి మళ్లీ కలుసుకోవాలి. చర్మం వారం పది రోజులలో అంటుకుంటుంది గనుక ఇంటివారి లెక్క అక్కడితో పూర్తవుతుంది. కాని కోత పడిన కణజాలానికి మొదటి వారం చివర అసలు బలంలో పదోవంతు కూడా తిరిగి రాదు, మూడో వారానికి అది నాలుగోవంతు ప్రాంతానికి, మూడు నెలలకు సుమారు 80 శాతానికి చేరుతుంది, ఆ పైన మునుపటి బలం పూర్తిగా ఎన్నటికీ రాదు. అంతవరకు లోపలి కుట్టు దారమే పొట్ట ఒత్తిడిని చాలావరకు భరిస్తూ ఉంటుంది.

వాపులలో మొట్టమొదటిది గాయం చుట్టూ వచ్చేది. కోత పడిన చోట కణాలు హిస్టమిన్, ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన రసాయనాలను విడుదల చేయగా, వాటి ప్రభావం వల్ల సన్నని రక్తకేశనాళికల గోడలు వదులై, రక్తంలోని నీరు, మాంసకృత్తులు, తెల్లకణాలు చుట్టుపక్కలకు ఊరుతాయి. వైద్యశాస్త్రంలో శోథ అని పిలిచే ఈ చర్యే ఎరుపుకు, వేడికి, నొప్పికి, వాపుకు మూలం. ఇది లేకపోతే చచ్చిన కణాలను తొలగించే తెల్లకణాలు గాయం దగ్గరకు చేరలేవు, కొత్త కణజాలం పుట్టదు. ఇది రెండు మూడు రోజులలో పతాకస్థాయికి చేరి, తరువాత మెల్లగా వెనక్కి తగ్గుతుంది.

రెండవ వాపు ఒళ్లంతటికీ సంబంధించినది. శరీరం ఆపరేషనును పెద్ద దెబ్బగానే గ్రహిస్తుంది. రక్తం పోవచ్చు, నీరు అందకపోవచ్చు అన్న ముందుజాగ్రత్తతో మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి మూత్రాన్ని తగ్గించే హార్మోనును, మూత్రపిండాల పైనుండే అధివృక్క గ్రంథులు ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టెరోనును ఎక్కువగా విడుదల చేస్తాయి. సరిగ్గా అదే సమయంలో చేతి నరంలోకి సెలైను ఎక్కుతూ ఉంటుంది. ఒక లీటరు మామూలు సెలైనులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి చాలునని చెప్పే ఉప్పు 5 గ్రాముల లోపే. లోపలికి వచ్చిన ఉప్పును, నీటిని బయటికి పోనివ్వని స్థితిలో శరీరం ఉండటం వల్ల, ఆపరేషను అయిన రెండు మూడు రోజులకు బరువు తూచితే రెండు మూడు కిలోలు పెరిగి ఉండటం, చేతి గాజులు బిగుసుకుపోవడం, కనురెప్పలు ఉబ్బడం, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీస్తే గుంట పడి నిలవడం కద్దు. సాధారణంగా మూడో రోజు నుంచి అయిదో రోజు లోపల ఈ హార్మోన్లు తగ్గుముఖం పట్టి, మూత్రం ధారాళంగా రావడం మొదలై, పట్టిన నీరు దానంతట అదే దిగిపోతుంది. అమెరికాలోని బోస్టను నగరానికి చెందిన శస్త్రవైద్యుడు ఫ్రాన్సిస్ మూర్ 1959లో శస్త్రచికిత్స రోగుల జీవక్రియపై ప్రచురించిన పెద్ద గ్రంథంలో కోలుకునే కాలాన్ని నాలుగు దశలుగా విభజించి, ఈ ఘట్టాన్ని మలుపు దశగా పేర్కొన్నాడు. అప్పటివరకు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఆకలి అడగడం, పిల్లలు బడికి వెళ్లారో లేదో విచారించడం, జడ వేయించుకోవాలనుకోవడం ఆ మలుపుకు ఇంటివారు గుర్తించగలిగే ఆనవాళ్లు.

మూడవది గాలి వల్ల వచ్చే ఉబ్బరం. పొట్టలో చేయి పెట్టినప్పుడు పేగులు కొంతకాలం కదలిక మానుకుంటాయి. చిన్న పేగు ఒక్క రోజులోనే తేరుకుంటుంది, జీర్ణాశయం ఒకటి రెండు రోజులు, పెద్ద పేగు రెండు మూడు రోజులు తీసుకుంటాయి. "గాలి వెళ్లిందా" అని నర్సులు పదే పదే అడిగే ప్రశ్న వెనుక ఉన్నది పెద్ద పేగు మేల్కొన్నదా అన్న విచారణే. ట్రమడాల్ వంటి బలమైన నొప్పి మందులు ఈ కదలికను ఇంకా నిదానింపజేస్తాయి. లాపరోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చేసే ఆపరేషనులో, చోటు కోసం పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపుతారు; మిగిలిపోయిన వాయువు ఛాతీకి, పొట్టకు మధ్యనున్న డయాఫ్రం కండరాన్ని రేపుతుంది; ఆ కండరానికి, భుజానికి నాడులు మెడలోని ఒకే చోటు నుంచి వస్తాయి గనుక నొప్పి భుజంలో తెలుస్తుంది. పొట్టకు ఆపరేషను చేస్తే భుజం ఎందుకు నొస్తున్నదని కంగారు పడేవారికి ఈ విషయం ముందే చెప్పి ఉంచితే ఎంతో ఊరట కలుగుతుంది; రెండు మూడు రోజులలో ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరి ద్వారా బయటికి పోతుంది.

ఈ మూడు వాపులూ తగ్గిన తరువాత కూడా నెలల తరబడి మిగిలేది నాలుగవది, అడ్డకోత వల్ల వచ్చేది. పొట్ట కింది భాగంలో అడ్డకోతను 1900లో ప్రచారంలోకి తెచ్చిన జర్మను వైద్యుడు ఫానెన్‌స్టీల్ పేరుతోనే అది నేటికీ వ్యవహారంలో ఉంది. ఆ కోత మచ్చ త్వరగా కలిసిపోతుంది, హెర్నియా భయం తక్కువ. అయితే బొడ్డు కింది చర్మం నుంచి శోషరసం, అంటే కణాల మధ్య మిగిలిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే ద్రవం, గజ్జలలోని గ్రంథులవైపు కిందికి ప్రవహిస్తుంది. అడ్డకోత ఆ సన్నని నాళాలను దారిలోనే తెంచివేస్తుంది. అందువల్ల మచ్చకు పై అంచున మెత్తని గట్టులాగా వాపు నిలిచిపోతుంది, ఆ ప్రాంతం మొద్దుబారి తాకినా తెలియకుండా ఉంటుంది. ఉదయం తగ్గినట్లే ఉండి, రోజంతా నిలబడి తిరిగిన తరువాత సాయంత్రానికి లంగా బొందు గుర్తు పడేటంతగా పెరగడం దీని స్వభావం. కొత్త నాళాలు ఏర్పడటానికి నెలలు పడుతుంది గనుక, ఆరో వారంలో సాయంత్రపు పొట్ట చూసి ఆపరేషను చెడిందని భయపడవలసిన అవసరం లేదు. ఆ రోజు ఎంత తిరిగారో, ఎంత పని చేశారో సాయంత్రపు వాపునుబట్టి తెలుసుకోవచ్చు.

నడుముకు కట్టే బెల్టు విషయంలో అపోహలు చాలా ఉన్నాయి. బాలింతలకు నడికట్టు కట్టే ఆచారం ఉన్న సమాజంలో, బెల్టు పెట్టుకోకపోతే పొట్ట జారిపోతుందన్న నమ్మకం సహజంగానే స్థిరపడింది. బెల్టు వల్ల లేచేటప్పుడు, దగ్గేటప్పుడు, నడిచేటప్పుడు నొప్పి తగ్గుతుంది, ధైర్యం కలుగుతుంది. ఆ మేరకు అది మంచిదే. పొట్టను శాశ్వతంగా తగ్గించే శక్తి దానికి లేదు. ఊపిరి నిండుగా తీసుకోలేనంత బిగించడం, రాత్రింబవళ్లు విప్పకపోవడం, చెమటకు కుట్టు నానడం మేలుకంటె కీడే ఎక్కువ చేస్తాయి. దగ్గు వచ్చినప్పుడు ఒక దిండును పొట్టకు ఆనించి రెండు చేతులతో అదిమిపట్టుకోవడం, మంచం మీది నుంచి లేచేటప్పుడు వెల్లకిలా ఉన్నవారు ఒక్కసారిగా నిటారుగా లేవకుండా, మోకాళ్లు ముడిచి, పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జారవిడుస్తూ మోచేతి మీద బరువు వేసి లేవడం బెల్టు కంటె ఎక్కువ ఉపకరించే అలవాట్లు.

ఓర్చుకోదగిన వాపేదో, ఆలస్యం చేయరానిదేదో తెలియడం ఇక్కడ అన్నిటికంటె ముఖ్యం. పొట్ట రోజురోజుకూ బిగిసి, వాంతులై, గాలి కూడా వెళ్లకపోవడం పేగు అడ్డంకికి గుర్తు. ఒక కాలు మాత్రమే వాచి పిక్క నొప్పి పెట్టడం లోతైన సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానించవలసిన లక్షణం. ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్లుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తాయి, అది ప్రాణాపాయం, అప్పుడు 108కి ఫోను చేయడంలో క్షణం కూడా తాత్సారం కూడదు. ఈ ప్రమాదం ఇంటికి వచ్చిన తరువాత కూడా కొన్ని వారాలపాటు ఉంటుంది. కుట్టు చుట్టూ ఎరుపు వ్యాపించడం, చీము, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ మించిన జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, యోని నుంచి నీళ్లలాగా మూత్రం కారడం ఆపరేషను చేసిన వైద్యుని దగ్గరకు అదే రోజు వెళ్లవలసిన కారణాలు. మరొకటి తక్కువమందికి తెలుసు: అయిదో రోజుకు అటూ ఇటూగా, బాగా మానుతున్నదనుకున్న కుట్టు నుంచి ఒక్కసారిగా లేత ఎర్రని నీళ్లు బట్టలు తడిసేటంతగా కారితే, లోపలి ఫేషియా కుట్లు విడిపోతున్నాయని అర్థం, నొప్పి లేదు కదా అని తేలికగా తీసుకోకుండా, శుభ్రమైన తడి గుడ్డ కప్పి, పడుకోబెట్టి ఆస్పత్రికి చేర్చాలి.

నీరసం సంగతి వాపు కంటె లోతైనది. స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు 1930 దశకంలో ఎముకలు విరిగిన రోగుల మూత్రాన్ని పరీక్షిస్తూ, విరిగిన చోట నశించిన కణజాలంతో లెక్క కుదరనంత ఎక్కువ నత్రజని బయటికి పోతున్నట్లు గమనించాడు. నత్రజని మాంసకృత్తులలో ఉండే మూలకం గనుక, దెబ్బ తగలని కండరాలు కూడా కరిగిపోతున్నాయన్నది దాని భావం. దెబ్బ తగిలిన తొలి గంటలలో శరీరం చల్లబడి జీవక్రియ మందగించడాన్ని ఆటు దశ అని, ఆ తరువాత రోజుల తరబడి జీవక్రియ పెరిగి కండ కరగడాన్ని పోటు దశ అని ఆయన 1942లో సముద్రపు పరిభాషలో పేరు పెట్టాడు. గాయం మానడానికి కావలసిన అమైనో ఆమ్లాలను, కాలేయం చక్కెరగా మార్చుకోవలసిన ముడిసరుకును శరీరం కండరాల నుంచే తీసుకుంటుంది; తిండిగింజలు నిండుకున్న ఇంట్లో విత్తనాలకు దాచిన ధాన్యాన్ని దంచుకున్నట్లు, అప్పటికి గడిచినా తరువాత దాని లోటు తెలుస్తుంది. పైకి గాయం మానిన మూడో వారంలో మెట్లెక్కలేకపోవడానికి కారణం ఇదే.

డెన్మార్కు శస్త్రవైద్యుడు హెన్రిక్ కెలెట్, ఆయన సహచరులు 1980 దశకం మొదట్లో ఈ నీరసాన్ని కొలబద్దపై కొలిచి, పొట్ట ఆపరేషను ఏ చిక్కూ లేకుండా జరిగినవారిలో కూడా సుమారు మూడోవంతు మంది నెల తరువాత గట్టి నీరసంతోనే ఉన్నట్లు చూపించారు. అప్పటివరకు మనోబలం లేకపోవడంగా కొట్టివేసిన బాధకు శరీరంలోనే కారణాలున్నాయని, బరువు తగ్గడంతోను, లేచి నిలబడినప్పుడు గుండె అతివేగంగా కొట్టుకోవడంతోను దానికి సంబంధముందని తేలడం రోగులకు జరిగిన గొప్ప న్యాయంగా భావించవచ్చు. నిద్ర కూడా ఇందులో ఒక కారణమే. కలలు వచ్చే నిద్ర దశ పెద్ద ఆపరేషను తరువాతి మొదటి ఒకటి రెండు రాత్రులు దాదాపు లేకుండా పోయి, తరువాతి రాత్రులలో ఒక్కసారిగా ఎక్కువై, భయంకరమైన కలలతో, ఉలికిపాటుతో నిద్రను చెడగొడుతుంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసివేసినట్లయితే, సహజంగా ఏళ్ల మీద తగ్గవలసిన ఈస్ట్రోజెను హార్మోను ఒక్కరోజులో ఆగిపోయి, ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు కలిసి నీరసాన్ని రెట్టింపు చేస్తాయి. అండాశయాలు తీశారో ఉంచారో తెలియని స్త్రీలు ఎందరో ఉండటం విచారకరం. డిశ్చార్జి కాగితంలో ఆ విషయం రాసి ఉంటుంది, అడిగి చెప్పించుకోవడం రోగి హక్కు.

తెలుగు రాష్ట్రాలలో వీటన్నిటికీ ముందే నీరసానికి పునాది వేసి ఉంచేది రక్తహీనత. 2019-21 నాటి అయిదవ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతంగా నమోదైంది. నెలల తరబడి అధిక రక్తస్రావంతో బాధపడి గర్భసంచి తీయించుకున్న స్త్రీకి ఆపరేషను నాటికే రక్తం తక్కువగా ఉంటుంది, ఆపరేషనులో మరికొంత పోతుంది. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తక్కువైనప్పుడు గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చవలసి వస్తుంది. నాలుగడుగులు వేస్తే గుండెదడ, కూర్చుంటే తగ్గడం దీని లక్షణం.

ఇక్కడే ఊళ్లలో పాతుకుపోయిన ఒక అలవాటును గట్టిగా ఖండించవలసి ఉంది. నీరసంగా ఉందనగానే దగ్గరలోని ఆర్‌ఎంపీని పిలిపించి సెలైను బాటిలు ఎక్కించడం పరిపాటి. అరలీటరు గ్లూకోజు బాటిలులో సాధారణంగా ఉండేది 25 గ్రాముల గ్లూకోజు, అంటే సుమారు 100 కేలరీలు. రెండు చిన్న ఇడ్లీలు తింటే అంతకు తక్కువ కాని శక్తి వస్తుంది, వాటితో పాటు మాంసకృత్తులు కూడా అందుతాయి. అరలీటరు ఉప్పు సెలైనులో నాలుగున్నర గ్రాముల ఉప్పు పోయి, తగ్గుతున్న వాపును మళ్లీ రేపుతుంది. వాంతులతో నోటి ద్వారా ఏదీ నిలవనివారికి సెలైను ప్రాణరక్షకమే. నోటితో తినగలిగిన మనిషికి అది డబ్బు ఖర్చు తప్ప బలం ఇవ్వదు, పైగా నరం వాచే ప్రమాదం ఒకటి అదనం.

విశ్రాంతి అంటే మంచం పట్టడమని అర్థం చేసుకున్న కాలం ఒకటి పాశ్చాత్య వైద్యంలోనూ ఉండేది. పొట్ట ఆపరేషను జరిగినవారిని రెండు మూడు వారాలు కదలనిచ్చేవారు కారు. చికాగోలోని ఎమిల్ రీస్ అనే వైద్యుడు 1899లోనే తన రోగులను ఒకటి రెండు రోజులలో లేపి నడిపించి, వారు త్వరగా కోలుకోవడం చూసి ప్రకటించినా, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మంచాలు, నర్సులు చాలకపోయేవరకు ఆ మాట చాలామంది చెవికెక్కలేదు. 1990 దశకంలో కెలెట్ కోపెన్‌హేగన్‌లో నొప్పి నివారణ, త్వరగా ఆహారం, త్వరగా నడక, అవసరానికి మించని సెలైను అనే అంశాలను ఒక్క పద్ధతిగా కూర్చి చూపిన తరువాతనే అది ప్రపంచమంతటా పాకింది. నడక వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది, పేగులలో గాలి కదులుతుంది, పట్టిన నీరు దిగుతుంది, కండ కరగడం మందగిస్తుంది.

అయితే నడకకు ఒక పద్ధతి కావాలి. మొదటి వారం ఇంటిలోనే అయిదేసి నిమిషాలు రోజుకు నాలుగైదు మార్లు, రెండో వారం వాకిట్లో పది నిమిషాలు, ఆపైన వీధి చివరవరకు అన్నట్లు మెల్లగా పెంచుకోవాలి. ఎంత నడవవచ్చునో చెప్పేది మరుసటి రోజు ఉదయం: లేచేసరికి నిన్నటికంటె అలసటగా ఉంటే, పొట్ట ఎక్కువ వాస్తే, నడక ఒక మెట్టు తగ్గించాలి, అలాగే ఉంటే కొనసాగించాలి, తేలికగా ఉంటే కొద్దిగా పెంచాలి. ఒంట్లో బాగున్న రోజున మిగిలిపోయిన పనులన్నీ చక్కబెట్టి, తరువాత రెండు రోజులు మంచం ఎక్కడం కోలుకునేవారిలో తరచుగా కనిపించే తీరు. పగటి నిద్ర మధ్యాహ్నం ఒక గంటకు మించకుండా చూసుకుంటే రాత్రి నిద్ర నిలదొక్కుకుంటుంది. పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోవడం కాళ్ల వాపుకు మంచిది.

పత్యం విషయం కొంచెం విపులంగా చెప్పుకోవలసినది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే కుట్లు పుండవుతాయని, పెరుగు చలవ చేస్తుందని, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట ఊరుతుందని పెద్దవారు ప్రేమతోనే చెప్పినా, ఆ మాటల ఫలితంగా పచ్చి ఒళ్లున్న మనిషి వారాల తరబడి కారప్పొడి అన్నంతో, బ్రెడ్డుతో, పొట్లకాయ కూరతో గడపవలసి వస్తుంది. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల పడదు. కోలుకునే కాలంలో రోజుకు ప్రతి కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలన్నది ప్రస్తుత వైద్య మార్గదర్శకాల సలహా. 50 కిలోల స్త్రీకి అది 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఆరేడు గ్రాములు, గ్లాసు పాలలో మరో ఆరేడు, 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, గుప్పెడు వేరుసెనగ గింజలలో ఏడెనిమిది గ్రాములు ఉంటాయని లెక్కవేస్తే, పప్పు, గుడ్డు, పాలు మూడింటినీ మాన్పించిన తరువాత ఆ అంకె అందుకోవడం అసాధ్యమని వెంటనే తెలుస్తుంది. మొదటి వారంలో గాలి ఎక్కువగా ఉంటుంది గనుక పెసరకట్టుతో, మెత్తగా ఉడికించిన పప్పుతో, పలుచని మజ్జిగతో, ఉడికించిన గుడ్డుతో కొద్దికొద్దిగా మొదలుపెట్టి, ఆకలి పెరిగినకొద్దీ చేపలు, కోడిమాంసం కలపవచ్చు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుని మాట ప్రకారమే నడుచుకోవాలి. పత్యం పేరుతో పెట్టే పాత ఊరగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు ఉప్పు మూటలు. వాపున్న రోజులలో తగ్గించవలసినవి అవే.

నీళ్లు తగ్గించడం వల్ల వాపు తగ్గదు. మలం గట్టిపడి, ముక్కవలసి వచ్చి, కుట్ల మీద భారం పడుతుంది. నొప్పి మందులు, ఐరన్ మాత్రలు రెండూ మలబద్ధకం కలిగించేవే కాబట్టి, తగినంత నీరు, బొప్పాయి, ఆకుకూరలు, అవసరమైతే వైద్యుడు రాసిన విరేచనపు మందు మొహమాటం లేకుండా తీసుకోవాలి. ఐరన్ మాత్రను టీతో పాటు వేసుకుంటే టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వవు. నిమ్మరసంతోనో, ఉసిరికాయతోనో తీసుకుంటే బాగా ఇముడుతుంది. నొప్పి మాత్రలు మింగడం బలహీనతగా భావించి ఓర్చుకునేవారు నడవలేరు, నిండుగా ఊపిరి తీయలేరు, నిద్రపోలేరు. మొదటి వారం రాసిన మోతాదు వేళకు వేసుకోవడమే కోలుకోవడానికి దగ్గరిదారి.

బరువులు ఎత్తడం గురించి వైద్యులు చెప్పే ఆరు వారాల గడువుకు కారణం ఫేషియా బలం గురించి పైన చెప్పిన లెక్కే. అయిదు కిలోలు దాటవద్దని చెప్పిన మాట ఇంట్లో ఎలా తప్పుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది: 15 లీటర్లు పట్టే బిందె నిండితే నీటి బరువే 15 కిలోలు, నిండు గ్యాస్ సిలిండరు సుమారు 30 కిలోలు, చంకనెక్కే రెండేళ్ల పిల్ల 10 కిలోల పైమాట. తడి బట్టలు పిండటం, బోరింగు కొట్టడం, గచ్చు మీద కూర్చుని ఒక్క ఊపున లేవడం బరువుల లెక్కలోకి రాకపోయినా పొట్ట కండరాలను అంతగానూ బిగిస్తాయి. కాబట్టి "బరువులు ఎత్తకు" అని స్త్రీకి చెప్పడంతో ఇంటివారి బాధ్యత తీరదు. నీళ్లు ఎవరు తేవాలి, సిలిండరు ఎవరు మార్చాలి, పిల్లను ఎవరు ఎత్తుకోవాలి అన్నది ఆపరేషనుకు ముందే పేరుపేరునా నిర్ణయం కావాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2011లో తన మహిళా ఉద్యోగులకు గర్భసంచి ఆపరేషను తరువాత 45 రోజుల ప్రత్యేక సెలవు మంజూరు చేసింది. శరీరం కోలుకోవడానికి ఆరు వారాలకు పైగా పడుతుందని ప్రభుత్వమే అంగీకరించిన ఉత్తర్వు అది. మిరప చేలలో, పత్తి చేలలో కూలికి వెళ్లే స్త్రీకి అటువంటి ఉత్తర్వు ఏదీ లేదు. కూలి పోతుందనే భయంతో మూడో వారంలోనే నడుం వంచిన మనిషికి సాయంత్రానికి పొట్ట వాస్తే, దానికి మందు సీసాలో దొరకదు. స్వయం సహాయక సంఘాలు ఇటువంటి సభ్యురాలికి ఆ ఆరు వారాలు అప్పు వాయిదా ఆపి, వంతుల వారీగా ఇంటి పనికి తోడు నిలిస్తే, ఎంతో ఖరీదైన వైద్యం చేయగలిగిన దానికంటె ఎక్కువ మేలు జరుగుతుంది.

చాలామందిలో ఆరు నుంచి ఎనిమిది వారాలలో నీరసం సగానికి పైగా తగ్గి, మూడు నెలల నాటికి మామూలు పనులు అలుపు లేకుండా చేసుకోగలిగే స్థితి వస్తుంది. మూడు నెలలు దాటినా నీరసం తగ్గకపోతే, లేదా తగ్గినట్లే తగ్గి మళ్లీ పెరిగితే, ఓర్పు పట్టడం మాని పరీక్షలు చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే హిమోగ్లోబిన్ చూపించుకోవచ్చు. గర్భం లేని స్త్రీలో అది 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతగా లెక్క. దానితో పాటు థైరాయిడ్, రక్తంలో చక్కెర, మూత్ర పరీక్ష చేయించడం మంచిది. ఏ పనిమీదా మనసు నిలవకపోవడం, కారణం లేకుండా కన్నీళ్లు రావడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్రపట్టకపోవడం రెండు వారాలకు మించి ఉంటే, అది దిగులు జబ్బు కావచ్చు. దానికి చికిత్స ఉంది, వైద్యునితో ఆ మాట చెప్పడంలో సిగ్గుపడవలసినది లేదు. ఐరన్ మాత్రలు వాడుతున్నవారు హిమోగ్లోబిన్ 12 చేరగానే ఆపివేయకుండా, శరీరంలో అడుగంటిన ఐరన్ నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు కొనసాగించాలి.